చింతల పుంత నుంచి మునిగిపోయిన తోట దాకా: మా ఊరి చేల పేర్లు రాసుకున్న నా అనుభవం

2022 జూన్ ఆఖరు. కాలువలకి నీళ్ళు వదిలి మూడు వారాలు దాటింది, ఊళ్ళో అందరూ ఆకుమళ్ళు, అంటే వరి నారుమళ్ళు, పోసుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే మావయ్యగారు మెట్ల మీద జారిపడి కాలు విరిగి అమలాపురంలో ఆసుపత్రిలో చేరారు. మావారు ఉద్యోగం మీద హైదరాబాదులో ఉంటారు, ఇంటి దగ్గర నేనూ అత్తయ్యగారూ పిల్లలే. ఆసుపత్రి మంచం మీంచే మావయ్యగారు ఫోన్ చేసి, "అమ్మాయ్, చింతల పుంతలోంచి తిన్నగా వెళ్ళిపో, కుమ్మరిగుంట దాటాక ఎడం చేతి పక్క ఏనుగు మెరక వస్తది, దాని వారనే బోదె, ఆ బోదె మీద రెండో తూము తలుపు ఎత్తించమ్మా, లేపోతే ఆకుమడి ఎండిపోద్ది" అన్నారు. సరేనండీ అని స్కూటీ తీసుకుని బయల్దేరాను.

వెళ్ళాక తెలిసింది నాకు ఆ పేర్లలో ఒక్కటి కూడా తెలియదని. బోదె అంటే చేలకి నీళ్ళిచ్చే చిన్న కాలువ, పుంత అంటే చేలల్లోకి పోయే బండిదారి అని తెలుసు గానీ మా ఊళ్ళో పుంతలు మూడున్నాయి, దేంట్లోనూ చింతచెట్టు లేదు. ఫోన్లో మ్యాప్ తెరిస్తే ఊరి పేరుంది, గుడి ఉంది, పెట్రోల్ బంకు ఉంది, ఊరు దాటాక వైనతేయ గోదావరి ఏటిగట్టు దాకా అంతా ఖాళీ ఆకుపచ్చ రంగు. దగ్గర దగ్గర వెయ్యి ఎకరాలు, దాంట్లో ఒక్క పేరు లేదు. పావుగంట అలా నిలబడ్డాక గట్టు మీంచి సైకిల్ మీద లస్కరు వచ్చాడు. కాలువల మీద పని చేస్తాడు కదా, తలుపులెత్తే ఇనప కడ్డీ సైకిల్‌కే కట్టుకుని ఉంటాడు. అతనికి చెప్పగానే "ఏనుగు మెరకా అండి, రండి" అని ముందు వెళ్ళాడు, అయిదు నిమిషాల్లో పనైపోయింది. తిరిగొచ్చేప్పుడు దారి పొడవునా అతను ఒక్కో చేను చూపించి పేరు చెప్తూనే ఉన్నాడు, నేను స్కూటీ ఆపి ఆపి ఫోన్లో టైప్ చేసుకున్నాను. ఆ రోజు పదిహేడు పేర్లు. అలా మొదలైంది.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది జగ్గంపేట వైపు మెట్ట. అక్కడ చేల పేర్లంటే చెరువు కింద, కొండవార, గరువు, రాళ్ళపొలం, చూస్తే చాలు పేరు ఎందుకొచ్చిందో తెలిసిపోయేది. కోడలిగా ఈ కోనసీమ ఊరొచ్చి అప్పటికి పదకొండేళ్ళు, పక్క ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచర్‌ని. ఇక్కడ కంటికి అంతా ఒకటే మట్టం, వరి, కొబ్బరి, మళ్ళీ వరి. కానీ ఇక్కడి మనిషికి అది మట్టంగా ఉండదు. అడుగు ఎత్తుంటే మెరక, అడుగు తగ్గితే పల్లం, ఉప్పు పొంగి గడ్డి తప్ప ఏమీ పండకపోతే పర్ర, ఏటి మధ్య ఒండ్రు పడి లేచిన నేల లంక, సముద్రం దగ్గర ఇసుక దిబ్బ తిప్ప. బలుసుతిప్ప, మగసానితిప్ప అని ఊళ్ళ పేర్లు వింటూనే ఉంటాం కదా. అడుగు తేడాతో నీళ్ళు నిలుస్తాయా పోతాయా అన్నది తేలిపోతుంది, అందుకే అడుగడుగుకీ పేరుంది. ఇది నాకు అర్థం కావడానికి ఆ ఏడాదంతా పట్టింది.

జులైలో బళ్ళు తెరిచాక మొదట నాకు తట్టింది పిల్లల్ని అడగడం. నాలుగు, అయిదు తరగతుల వాళ్ళకి, వాళ్ళు మా ఊరివాళ్ళూ పక్క ఊరివాళ్ళూ కలిసి ఉంటారు, ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి తలా అయిదు చేల పేర్లు రాసుకు రమ్మన్నాను. వారంలో చాలా వచ్చాయి గానీ సగానికి పైగా "మా పెదనాన్న చేను", "రాజుగారి తోట" లాంటివి. తప్పని కాదు, అవి కూడా పేర్లే, కానీ యజమాని మారితే అవీ మారిపోతాయి. నేను వేసిన ప్రశ్నలోనే లోపం ఉందని అప్పటికి తెలియలేదు.

గ్రామ సచివాలయానికి కూడా వెళ్ళాను. సర్వేయరు కుర్రాడు మర్యాదగా మాట్లాడాడు, ఊరి మ్యాపూ, ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) కాగితాలూ చూపించాడు. అన్నీ సర్వే నంబర్లు, కొలతలు, రాళ్ళ గుర్తులు. పాత రిజిస్టర్లో మాత్రం అక్కడక్కడా "పుంత పోరంబోకు", "గుంట పోరంబోకు", "శ్మశానం" అని ఉంది, అంటే ప్రభుత్వానికి అది ఏ రకం నేలో కావాలి, దాని పేరు అక్కర్లేదు. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో మొదలైన రీసర్వేలో డ్రోన్లతో కొలిచి, పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సెల్ నంబర్లు ఇస్తున్నారని అతనే చెప్పాడు. కొలత మరింత పక్కాగా వస్తుంది, మంచిదే. కానీ మావయ్యగారి తరం వాళ్ళకి కనీసం పాత నంబరు నోటికొచ్చు, "నూట పన్నెండులో రెండు, ఏనుగు మెరక" అని జంటగా గుర్తుండేది. ఇప్పుడు నంబరు మారిపోతే ఆ జంట విడిపోతుంది. పూర్వం ఈ రెండిటినీ కలిపి పట్టుకున్నవాళ్ళు ఊరి భూమి లెక్కలు రాసే కరణాలు. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యాయి. ఆ వ్యవస్థలో జరిగిన అన్యాయాలు అందరికీ తెలుసు, అది పోయినందుకు నాకేం బాధ లేదు. అయితే నంబరుకీ పేరుకీ మధ్య ఉన్న ఆ తాడు కూడా దాంతోపాటే పోయింది.

ఇంతలో వరదొచ్చింది. జులై నెల మధ్యలో అంత వరద వస్తుందని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక కూడా ఇచ్చేశారు, టీవీలో రోజంతా అడుగులు, లక్షల క్యూసెక్కులు. ఏటిగట్టు మీద జనం నిలబడి చూస్తున్నారు, నేనూ వెళ్ళాను. అక్కడ లంకకి పడవ నడిపే పెద్దాయన ఉన్నాడు, డెబ్భై దాటుంటాయి. టీవీ వాళ్ళ లెక్క ఆయన నోట్లో వేరే మాటగా వస్తోంది. మొదటి హెచ్చరిక, అంటే ధవళేశ్వరంలో 11.75 అడుగులు, అప్పటికి పిల్లపాయ నిండి లంకకి పోయే కాజ్‌వే మీదకి నీళ్ళొస్తాయి. రెండోది 13.75, దానికి దొండపాదుల పల్లం మునుగుతుంది. మూడోది 17.75, "దానికి మకాం మెరక కూడా ఉండదండి, పశువుల్ని ఈలోపే గట్టు మీదకి తోలేసుకోవాలి, ఎనభయ్యారులో అయితే గట్టు మీద మా కాళ్ళకాడికొచ్చేసిందండి బాబూ" అన్నాడు. 1986 ఆగస్టు వరద మా వైపు అందరికీ కొలబద్ద, ఏ వరదొచ్చినా దాంతోనే పోలుస్తారు.

ఆ మాటలు వింటుంటే నాకు ఒళ్ళు జలదరించింది. టీవీలో వస్తున్న అడుగుల లెక్కని నా ఊరి నేల మీదకి దించి చెప్పగలిగింది ఆయనొక్కడే, ఆయన ఆ పని పేర్లతో చేశాడు. అవి రాసి పెట్టుకోకపోతే, ఆ పెద్దాయన తరవాత హెచ్చరిక వస్తే మనకి అంకె మాత్రమే మిగులుతుంది. ఆ రాత్రి కరెంటు లేదు, కొవ్వొత్తి పెట్టుకుని ఆయన చెప్పినవన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించాను. అప్పటిదాకా ఇదేదో స్కూలు ప్రాజెక్టులా అనుకున్నాను, ఆ రాత్రి నుంచి అలా అనుకోలేదు.

వరద తీశాక ఆగస్టులో ఊడ్పులు, అంటే వరి నాట్లు. అసలు మలుపు అక్కడ. మా చేలో ఊడుస్తున్న ముఠాకి టీ పట్టుకెళ్ళాను. గట్టు మీద కూర్చుని ఒకామెని, "అక్కా, ఈ పక్క చేను పేరేంటి" అని అడిగితే "పేరేముంటదండి, చేనే" అంది. నేను ఊరుకున్నాను. రెండు నిమిషాలు కాలేదు, ఆమె ఫోన్ మోగింది, కూతురు అన్నం క్యారేజీ పట్టుకొస్తోంది, ఎక్కడికి రావాలని అడుగుతోంది. ఈమె గట్టిగా "గెద్దల పర్ర కాదే, అక్కడ నిన్న, ఇయ్యాల ముంతమడి కాడ, ఆ ముంతమడికి ఎగదాల, కలవగుంట వైపు నుంచి రా" అంది. ఒక్క ఫోన్ కాల్లో మూడు పేర్లు! ఇప్పుడే పేరు లేదన్న ఆ చేనుకి ముంతమడి అని పేరుంది, పైన గుండ్రంగా, మూతి దగ్గర ఇరుకుగా నిజంగానే ముంతలా ఉంటుంది.

ఆమె నా దగ్గర దాచలేదు. "పేరేంటి" అని అడిగితే ఆమెకి గుర్తొచ్చేది కాగితంలో ఉండే పేరు, అది తనకి తెలీదు కాబట్టి లేదంది. చేల పేర్లు అలా ఊరికే కూర్చుని చెప్పేవి కావు, పనిలో వాడేవి. అప్పట్నుంచి నేను ప్రశ్న మార్చేశాను. "నిన్న ఎక్కడ ఊడ్చారు? రేపెక్కడికి? అక్కడికి ఎలా వెళ్ళాలి? గేదె తప్పిపోతే ముందు ఎక్కడ వెతుకుతారు? పిల్లల్ని ఎటు వెళ్ళొద్దంటారు?" ఇలా అడిగితే పేర్లు వాటంతటవే వచ్చేవి. ఎవరైనా ఈ పని మొదలుపెట్టాలనుకుంటే నేను చెప్పేది ఇదొక్కటే, పేరు అడక్కండి, దారి అడగండి.

ఇంకోటి గమనించాను, ఒక్కో పనివాళ్ళకి ఒక్కో రకం పేర్లు. ఊడ్పు ఆడవాళ్ళకి మళ్ళ పేర్లూ గట్ల పేర్లూ, ఎక్కడ కాలు దిగబడిపోతుందో అవీ. కొబ్బరి దింపు తీసేవాళ్ళకి తోటల పేర్లు, అవి పైనుంచి చూసినట్టుంటాయి, "వంగిన చెట్ల తోట", "ఏడుచెట్ల మెరక". ఏడుచెట్ల మెరక దగ్గర ఇప్పుడున్నవి రెండే చెట్లు, 1996 నవంబరు తుపానుకి మిగతావి పడిపోయాయి, ఆ తుపానుకి కోనసీమలో ఎన్ని కొబ్బరిచెట్లు పోయాయో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పేరు మాత్రం ఏడుతోనే ఉండిపోయింది. గేదెల్ని తోలే పిల్లలకి గుంటల పేర్లు, ఏ గుంటలో జలగలున్నాయో వాటితో సహా. లస్కరుకి తూముల పేర్లు, ఇరిగేషన్ లెక్కలో వాటికి మైళ్ళూ ఫర్లాంగులూ ఉంటే అతని నోట్లో "పిల్లి తూము", "రాతి తూము", "దొర తూము". దొర అంటే కాటన్ దొరే మరి, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలే కదా ఇవన్నీ, పాత రాతికట్టడం ఏది కనబడినా మా వాళ్ళు దొరకే ఇచ్చేస్తారు. దొర తూము నిజంగా ఆ కాలందేనా అనేది వేరే సంగతి, నేను పేరు రాసుకున్నాను, పక్కన "అలా చెప్తారు" అని రాశాను.

ఈ "అలా చెప్తారు" దగ్గర చాలా జాగ్రత్త అవసరం. ఏనుగు మెరక సంగతే తీసుకోండి. మా తోటి టీచర్ ఒకరు, రాజుల కాలంలో ఇక్కడ ఏనుగుల్ని కట్టేసేవారని చెప్పారు, వినడానికి ఎంతో బావుంది, నేనూ పిల్లలకి చెప్పేశాను కూడా. తరవాత మావయ్యగారు కాలు బాగై ఇంటికొచ్చాక తోచుబడి కాక ఇనప్పెట్టె తెరిచి పాత దస్తావేజులు సర్దుతుంటే, 1961 నాటి ఒక అమ్మకం కాగితం బయటపడింది. దాంట్లో హద్దులు రాసి ఉన్నాయి. తూర్పున పంట బోదె, దక్షిణాన ఏనుగు వారి మెరక, పడమట గండిగుంట, ఉత్తరాన పుంత. ఏనుగు వారు! అది ఇంటిపేరు. ఆ ఇంటివాళ్ళెవరూ ఇప్పుడు ఊళ్ళో లేరు. "వారి" ఊడిపోయి ఏనుగు మిగిలింది. మర్నాడే బళ్ళో పిల్లలకి, నేను చెప్పింది తప్పు, ఇదిగో కాగితంలో ఇలా ఉంది అని చెప్పాను. వాళ్ళు పెద్దగా నొచ్చుకోలేదు గానీ ఒకడు మాత్రం, టీచర్ ఏనుగులే బావున్నాయండి అన్నాడు.

ఆ కాగితం ఇంకో గొడవ కూడా తీర్చింది. గండిగుంట అని ఏటిగట్టు లోపల ఒక లోతైన మడుగుంది, వేసవిలో కూడా ఎండదు. గట్టుకి గండి పడ్డప్పుడు నీళ్ళు ఉరవడిగా దూకి నేల తవ్వేస్తే అలాంటి మడుగు పడుతుంది. అది ఎనభయ్యారు గండి అని కొందరు, కాదు యాభైమూడు వరదదని ఇంకొందరు, రావిచెట్టు కింద ఇద్దరు పెద్దమనుషులు దీని మీద మాటా మాటా అనుకుని వారం రోజులు మాట్లాడుకోలేదు కూడా. 1961 కాగితంలోనే గండిగుంట ఉందంటే ఎనభయ్యారుది కాదని తేలిపోయింది. యాభైమూడుదో అంతకు ముందుదో ఆ కాగితం చెప్పదు. ఆ రోజు నుంచి నేను ఊళ్ళో ఎవరింటికెళ్ళినా పాత దస్తావేజు ఉంటే హద్దులు ఒక్కటే చదివి ఇస్తానని అడుగుతున్నాను. పొలం ఎవరిది, ఎంతకి కొన్నారు, అదంతా నాకొద్దు, ఫోటో కూడా తియ్యను, నాలుగు దిక్కుల నాలుగు ముక్కలు చాలు. ఊరి పాత పేర్లు అచ్చంగా అక్కడే దాక్కుని ఉన్నాయి.

అందరూ సరే అన్నారని కాదు. టీచర్ గారు చేలెంబడి తిరుగుతూ ఫోన్లో ఏదో గుర్తులు పెడుతున్నారంటే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? రోడ్డుకి భూములు తీసుకుంటారేమో, పైపులైన్ వేస్తారేమో, చేపల చెరువులకి లీజుకేమో అని రకరకాలుగా అనుకున్నారు. ఒకాయన నన్ను చేలోంచి వెళ్ళిపొమ్మని గట్టిగానే చెప్పాడు. ఒక ఆఫీసులో అయితే ఇలాంటివి రాస్తే హద్దు తగాదాలు పెరుగుతాయి, మీకెందుకు అని చాలాసేపు నిలబెట్టి మాట్లాడారు, ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను కూడా. చాలా టెన్షన్ పడ్డాను, మానేద్దామనుకున్నాను. అత్తయ్యగారే, "నువ్వు చేలోకి ఒక్కదానివీ వెళ్ళకు, నేనూ వస్తాను" అన్నారు. ఆవిడ వస్తే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, పైగా నాకు తెలియకుండా నలభై ఏళ్ళుగా ఆవిడ దగ్గరే బోలెడు పేర్లున్నాయి, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. పెళ్ళైన కొత్తలో మావయ్యగారికి చద్దన్నం పట్టుకెళ్ళిన దారి పొడవునా చెట్టు చెట్టుకీ ఆవిడకి గుర్తుంది.

రాసే పద్ధతి మెల్లగా కుదిరింది. ప్రతి పేరుకీ నోట్‌బుక్‌లో ఒక పేజీ. చెప్పిన మనిషి నోట ఎలా పలికిందో అలాగే ముందు రాస్తాను, సింతల పుంత, గెద్దల పర్ర. తరవాత పుస్తకాల్లో రాసినట్టు చింతల పుంత, గద్దల పర్ర. మొదట్లో రెండోదే రాసేదాన్ని, టీచర్ని కదా, చెయ్యి దానంతటదే దిద్దేసేది. కానీ దిద్దితే ఒక్కోసారి పేరే మారిపోతుంది. కలవగుంటని నేను కలువగుంట అని రాసుకుని పూల పేరనుకున్నాను, అక్కడ రెండు బోదెలు కలుస్తాయని, కలవడమే దాని పేరని ఆరు నెలల తరవాత ఒక ముసలమ్మ చెప్పింది. ఏది నిజమో ఇప్పటికీ ఇదమిత్థంగా చెప్పలేను, అందుకే దిద్దకుండా ఉంచాను. పేజీలో ఇంకా ఏం రాస్తానంటే, ఎవరు చెప్పారు అనేదానికి పేరు కాకుండా వాళ్ళ పనీ సుమారు వయసూ, ఎప్పుడు ఆ మాట వాడతారు, కనబడే గుర్తేమిటి. వాళ్ళు ఒప్పుకుంటే గొంతు రికార్డు చేస్తాను. ఫోన్‌తో ఆ చోటు గుర్తు పెడతాను, కొబ్బరితోటల్లో ఆకులు కమ్మేసి పాయింటు ఒక్కోసారి పది మీటర్లు పక్కకి పోతుంది, అందుకని తోట బయట గట్టు మీద నిలబడి పెట్టడం అలవాటు చేసుకున్నాను.

వీటిని ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో పెడుతున్నాను. ఎవరైనా ఎక్కించొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు, తెలుగు పేరుకి విడిగా గడి ఉంటుంది, ఇంకో పేరుకి ఒకటి, పాత పేరుకి ఒకటి. వేరే కంపెనీల మ్యాపుల్లోంచి చూసి కాపీ కొట్టకూడదనేది అక్కడ గట్టి నియమం, నాకు ఆ బెంగ లేదు, ఎందుకంటే ఇవి ఏ మ్యాపులోనూ లేవు. పొలం యజమానుల పేర్లు మాత్రం పెట్టను. మొదటిసారి మా బోదె పక్కన తెలుగు అక్షరాల్లో "దొర తూము" అని స్క్రీన్ మీద కనిపించిన రోజు లస్కరుకి చూపించాను. చాలాసేపు చూసి, వేలితో జరిపి జరిపి, "పిల్లి తూము ఇంకా పెట్టలేదండి" అన్నాడు.

పేటల పేర్ల దగ్గర నేను నేర్చుకున్నది చెప్పకపోతే ఈ కథకి అర్థం లేదు. మా ఊళ్ళో ఒక పేటని ఊరి నడుమ ఉండేవాళ్ళు కులం పేరు పెట్టి పిలుస్తారు, పాత కాగితాల్లో కూడా అదే. పేటలో వాళ్ళు దాన్ని అలా పిలుచుకోరు, వాళ్ళ పేరు వాళ్ళకుంది, పేట మొదట్లో సిమెంటు దిమ్మ మీద రాసి కూడా ఉంది. ఎక్కువమంది ఏదంటే అదే రాయాలనే లెక్క అయితే కులం పేరే రాయాలి. నేను రాయలేదు. ఎవరి నేల మీద ఎవరు బతుకుతున్నారో వాళ్ళు తమని తాము ఏమని చెప్పుకుంటారో అదే మొదటి పేరు. పాత కాగితంలో ఇంకో మాట ఉందన్న సంగతి నా నోట్‌బుక్‌లో ఉంది, మ్యాపులో లేదు. ఆ పేట పెద్దల్ని అడిగే ఇది నిర్ణయించాను, ఇంకో ఊళ్ళో ఇంకోలా ఉండొచ్చు, అక్కడి వాళ్ళని అడగాలి. అదే పేటలోని ఆడవాళ్ళే నాకు సగం పైగా పేర్లు చెప్పింది. పొలం కాగితం ఎవరి పేరున ఉన్నా పొలం పేరు ఉన్నది వాళ్ళ నోట్లోనే.

లంకలో పని వేరేగా ఉంటుంది. అక్కడ నేలే నిలకడగా ఉండదు, ఒక పక్క కోత, ఇంకో పక్క మేట. ఆ జనవరిలో పడవ పెద్దాయనతో లంక చుట్టూ తిరిగాం, నేను, అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు. నీళ్ళు తేటగా, అడుగున ఇసుక కనబడుతోంది. లంక కొస దాటాక ఆయన గెడ వేసి ఆపి, "ఇది మునసబుగారి తోటండి" అన్నాడు. చుట్టూ చూశాను, నీళ్ళే. ఏట్లో కలిసిపోయి చాలా కాలమైందట, అరటీ పొగాకూ పండిన నేల. అయినా పడవ వాళ్ళకి అది ఇప్పటికీ మునసబుగారి తోటే, ఎందుకంటే అక్కడ అడుగున మేట ఉంది, వేసవిలో పడవ నేలకి తగులుతుంది, "తోట కాడ కుడికి పట్టు" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. పెద్దాయన గెడ నిలువుగా దింపి చూపించాడు, ఆయన నడుం ఎత్తు లోతు కూడా లేదు. మా చిన్నాడు చెయ్యి నీళ్ళలో పెట్టి, తాతా చెట్లు కింద ఉన్నాయా అని అడిగాడు. "చెట్లు లేవు బాబూ, పేరుంది" అన్నాడాయన.

దాన్ని మ్యాపులో ఎలా పెట్టాలా అని చాలా రోజులు ఆలోచించాను. లేని తోటని ఉన్నట్టు పెట్టకూడదు. చివరికి ఇసుక మేటగానే గుర్తు పెట్టి, ఆ మేట పేరు మునసబుగారి తోట అని రాశాను, ఎందుకంటే ఇవాళ జనం వాడుతున్నది ఆ మేటకే కదా.

బళ్ళో పిల్లలకి గోదావరి ఏడు పాయలని చెప్తాం, చాలావాటివి ఋషుల పేర్లు. కౌశిక ఎక్కడుంది టీచర్ అంటే చూపించాల్సింది ఒక డ్రెయిన్‌ని. తుల్యభాగ కూడా అంతే, డ్రెయిన్ పేరుగానే వినబడుతుంది. ఋషి పేరు మురుగు కాలువకి రావడం చూసి బాధపడేవాళ్ళున్నారు, నాకు మాత్రం అది పెద్ద ఆధారంలా కనిపిస్తుంది. ఇక్కడ ఒకప్పుడు పాయ పారిందని నేల మర్చిపోయినా మాట మర్చిపోలేదు. అంతర్వేది దగ్గర అన్నాచెల్లెళ్ళ గట్టు ఉంది చూడండి, వశిష్ఠ సముద్రంలో కలిసేచోట, దానికి అంత చక్కటి పేరుండబట్టే ఎక్కడెక్కడి జనమో వెళ్ళి చూస్తారు. అలాంటివి మా ఊళ్ళో కూడా ఉన్నాయి, చిన్నవి.

భయపెట్టేది చేపల చెరువులు. చెరువు తవ్వడం తప్పని నేననను, 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని సార్వా (ఖరీఫ్ వరి) మానేసిన రోజులు మావయ్యగారు ఇప్పటికీ చెప్తారు, మురుగు దిగక, గిట్టుబాటు కాక చేసిన పని అది, అలాంటివాళ్ళు చెరువుకి లీజుకిస్తే ఎవరేమంటారు. కానీ గట్లన్నీ కలిపేసి తవ్వాక లోపలున్న పేర్లన్నీ ఒక్కసారే పోతాయి. గెద్దల పర్ర, ఉప్పుమడి, జంటగట్లు, ఈ మూడూ కలిసి ఇప్పుడు "నాలుగో నంబరు చెరువు". అక్కడ పని చేసే కుర్రాళ్ళు వేరే రాష్ట్రం నుంచి వచ్చారు, వాళ్ళకి నాలుగో నంబరే తెలుసు, వాళ్ళకి అదే పేరు, అది కూడా రాశాను. వాటిలో గెద్దల పర్ర అన్న పేరు చివరిసారి అవసరానికి వాడింది ఆ ముంతమడి అక్క అయి ఉంటుంది, అన్నం క్యారేజీ కోసం.

ఇప్పటికి నోట్‌బుక్కులు నాలుగు నిండాయి, పేర్లు మూడొందలు దాటాయి, మ్యాపులోకి ఎక్కినవి సగమే. వరద పేర్లు మాత్రం మొదట అయ్యాయి. పడవ పెద్దాయన చెప్పిన క్రమంలో మూడు హెచ్చరికలకీ ఏవేవి మునుగుతాయో పెద్ద చార్టు రాసి పంచాయతీ గోడకి ఒకటి, మా బళ్ళో ఒకటి అంటించాం. ఆయన చదువుకోలేదు, మనవరాలు చదివి వినిపిస్తుంటే ఒకచోట ఆపి, దొండపాదుల పల్లం కన్నా ముందు బోడిదిబ్బ దారి పోతుంది, అది రాయలేదు, ఆ దారెంబడే కదా పశువుల్ని తోలాలి అన్నాడు. చార్టు మళ్ళీ రాశాం.

దొరకని పేర్లు కూడా ఉన్నాయి. "పల్లకీల రేవు" అని నలుగురు వేరువేరుగా చెప్పారు, కాలువ మీద ఎక్కడో ఉండేదంటారు, ఎక్కడో ఎవరూ చూపించలేకపోయారు. మా కాలువలో ఒకప్పుడు పడవలు నడిచేవి, పడవల్ని దాటించే లాకులున్నాయి కాబట్టి రేవు ఉండి ఉండాలి. లస్కరు ఏమంటాడంటే, వంతెనకి దిగువన నీళ్ళలో రాతిమెట్లు కాలికి తగులుతాయట, చిన్నప్పుడు ఈదేప్పుడు తెలిసేదట, ఇప్పుడు పూడిక కింద ఉండొచ్చు. ఏప్రిల్లో కాలువలు కట్టేస్తారు కదా, నీళ్ళు తీసిన మర్నాడే పార తీసుకుని రమ్మన్నాడు. అత్తయ్యగారు అప్పుడే చెప్పేశారు, తనూ వస్తానని.